‘మృగం’ అనే మాట చాటున

సాహిత్యంలో కొన్ని మాటలు ఆలోచనను మొదలుపెడతాయి. కొన్ని మాటలు దాన్ని అక్కడితో ఆపేస్తాయి. ఆడపిల్లల మీద, పసిపిల్లల మీద జరిగే అత్యాచారాలను గురించి ఇటీవలి కాలంలో తెలుగులో వచ్చిన కవితల్లో, కథల్లో ‘మృగం’ అనే మాట ఈ రెండో రకం పని చేస్తున్నది. మానవమృగం, కామాంధుడు, రాక్షసుడు – మాట ఏదైనా ఫలితం ఒకటే. నేరం చేసినవాడు మనిషే కాడని తేల్చేశాక, అతను ఎక్కడ పుట్టాడు, ఎవరి మధ్య పెరిగాడు, ఆ పని ఎక్కడ నేర్చాడు అనే ప్రశ్నలకు చోటుండదు. మృగానికి సమాజం ఉండదు గదా!

నేరస్థుడు పద్దెనిమిదేళ్ళు నిండని కుర్రవాడైనప్పుడు ఈ మాట చేసే నష్టం మరీ ఎక్కువ. ఎందుకంటే పిల్లవాడు పూర్తిగా తయారైన మనిషి కాడు, తయారవుతున్న మనిషి. అతన్ని తయారు చేస్తున్నవాళ్ళం మనం. అతన్ని మృగమనడం తేలికే గాని, మనం చేసిన పనిని చూడకుండా ఉండటానికి అంతకంటే మంచి సాధనం మరొకటి లేదు. బాలురు చేసే లైంగిక నేరాలను మన సాహిత్యం ఎట్లా చూస్తున్నది, ఎట్లా చూడవలసి ఉన్నది అన్నదే ఈ వ్యాసంలో నేను చర్చించదలచుకున్న విషయం.

మనకు బాగా దగ్గరి ఉదాహరణతో మొదలుపెడతాను. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలి మీద అత్యాచారం జరిగింది, ఆమెను చంపి దహనం చేశారు. ‘దిశ’ అన్న పేరుతో దేశమంతటికీ తెలిసిన ఘటన అది. డిసెంబరు 6 తెల్లవారుజామున నలుగురు నిందితులూ చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ వారం రోజుల్లో తెలుగులో వచ్చిన కవితలకు లెక్కలేదు. అమ్మాయి కోసం ఏడ్చిన కవితలు నిజాయితీగా ఉన్నాయి. కాని చాలా కవితలు ఏడుపుతో మొదలై తుపాకీని మెచ్చుకోవడంతో ముగిశాయి. మృగాలను వేటాడారు, న్యాయం జరిగింది అన్నదే వాటి సారాంశం.

తర్వాత సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. నిందితులను చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని కమిషన్ తేల్చింది. దానితోపాటు మరో విషయం కూడా నిర్ధారించింది: చనిపోయిన నలుగురిలో ముగ్గురు ఆ ఘటన నాటికి మైనర్లు. అంటే చట్టం దృష్టిలో వాళ్ళు పిల్లలు. బాల న్యాయ బోర్డు ముందు నిలబడవలసినవాళ్ళు. వాళ్ళు ఏ మేరకు దోషులో ఏ న్యాయస్థానమూ తేల్చలేదు. ఇక తేల్చే అవకాశమూ లేదు.

ఈ వార్త వచ్చిన తర్వాత మన కవిత్వం ఏం చేసింది? నేను చదివినంతలో దాదాపు ఏమీ చేయలేదు. రెండున్నరేళ్ళ కింద మృగాలన్న కవులకు, ఆ మృగాల్లో ముగ్గురు బడి వయసు వాళ్ళన్నప్పుడు రాయడానికి మాట దొరకలేదు. ఇది కవుల వ్యక్తిగత నైతికతకు సంబంధించిన విషయం కాదు. మనం వాడుతూ వచ్చిన మాటలో ఆ విషయానికి చోటు లేకపోవడమే అసలు కారణం. మృగానికి వయసుండదు.

అంతకు ముందు 2012 డిసెంబరు 16 ఢిల్లీ ఘటనలోనూ ఇదే జరిగింది. ఆరుగురు నిందితుల్లో ఒకడికి అప్పటికి పద్దెనిమిదేళ్ళు నిండటానికి కొన్ని నెలలే తక్కువ. 2013 ఆగస్టు 31న బాల న్యాయ బోర్డు అతన్ని, నాటి చట్టం అనుమతించిన గరిష్ఠ కాలం, అంటే మూడేళ్ళపాటు ప్రత్యేక గృహంలో ఉంచాలని ఆదేశించింది. 2015 డిసెంబరు 20న అతను విడుదలయ్యాడు. దేశమంతా ఆగ్రహం. రెండు రోజుల తర్వాత, డిసెంబరు 22న, రాజ్యసభ కొత్త బాల న్యాయ చట్టాన్ని ఆమోదించింది. అది 2016 జనవరి 15 నుంచి అమలులోకి వచ్చింది. పదహారు నుంచి పద్దెనిమిదేళ్ళ మధ్య వయసువారు ఘోరమైన నేరం చేశారన్న ఆరోపణ ఉంటే, వారి మానసిక, శారీరక స్థితిని, పర్యవసానాలు గ్రహించే శక్తిని బోర్డు ప్రాథమికంగా అంచనా వేసి, పెద్దవాళ్ళలాగా విచారించడానికి పంపే వీలును ఈ చట్టం కల్పించింది. అయితే 2013 జనవరి 23న నివేదిక ఇచ్చిన జస్టిస్ వర్మ కమిటీ ఈ వయసును పదహారుకు తగ్గించాలన్న కోరికను పరిశీలించి అంగీకరించలేదు. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2012లోగాని, 2013లోగాని భారత శిక్షాస్మృతి కింద నమోదైన మొత్తం నేరాల్లో బాలురపై నమోదైనవి 1.2 శాతమే. అయినా ఆ రోజుల్లో పత్రికలు చదివినవారికి, దేశంలో నేరాలన్నీ పదిహేడేళ్ళ కుర్రాళ్ళే చేస్తున్నారన్న అభిప్రాయం కలిగి ఉంటుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. అది న్యాయమైన ఆక్షేపణే గనుక దానికి జవాబు చెప్పకుండా ముందుకు పోకూడదు. ‘‘రచయిత బాధితురాలి పక్షాన నిలబడాలి. నేరం చేసినవాడి బాల్యాన్ని వర్ణించడం మొదలుపెడితే అతని మీద జాలి పుట్టించినట్టు కాదా? ఆమె కన్నీటిని వెనక్కి నెట్టినట్టు కాదా?’’ అని అడుగుతారు.

నా ఉద్దేశంలో అర్థం చేసుకోవడం వేరు, క్షమించడం వేరు. కలరా ఎట్లా వస్తుందో తెలుసుకున్న వైద్యుడు కలరా పక్షం వహించినట్టు కాదు. ఒక పిల్లవాడు ఇంకొక పిల్ల మీదికి ఎట్లా వెళ్ళాడో తెలుసుకోకపోతే, రేపు వెళ్ళబోయే మరో పిల్లవాడిని ఆపలేం. ఆపలేకపోతే రేపటి బాధితురాలి పక్షాన మనం లేనట్టే. శిక్ష జరిగిపోయిన దాని గురించి. నివారణ జరగబోయే దాని గురించి. మన సాహిత్యమంతా మొదటి దాని చుట్టూ తిరుగుతున్నది.

ఇంతకూ ఈ విషయం గురించి ఇవాళ తెలిసిందేమిటి? రచయితలు ఊహలతో కాక వాస్తవాలతో రాయాలని మన సంఘం మొదటి నుంచీ చెబుతున్నది గనుక కొన్నింటిని ఇక్కడ పెడతాను. ఈ అధ్యయనాలు ఎక్కువగా అమెరికావి. వాటిని యథాతథంగా మన ఊళ్ళకు అన్వయించకూడదు గాని, అవి చూపే దారి గమనించదగ్గది. డేవిడ్ ఫింకెల్‌హార్, మరి ఇద్దరు పరిశోధకులు 2009లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, మైనర్ల మీద జరిగి పోలీసుల దాకా వచ్చిన లైంగిక నేరాల్లో నిందితుల్లో మూడోవంతు కంటే ఎక్కువమంది, 35.6 శాతం, తామూ మైనర్లే. వారిలో 93 శాతం మగపిల్లలు. చిన్నపిల్లల పట్ల ఇట్లాంటి నేరాలు చేసే వయసు పన్నెండు, పద్నాలుగేళ్ళ మధ్య అధికంగా ఉన్నది. అంటే ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు! నేరం జరిగే చోటు ఎక్కువగా ఇల్లే. మన దేశంలోనూ పోక్సో కేసుల్లో నిందితులు తొంభై శాతానికి పైగా బాధితులకు తెలిసినవారేనని జాతీయ గణాంకాలు ఏటా చెబుతున్నాయి. కాని మన కథల్లో నేరం ఎప్పుడూ చీకటి రోడ్డు మీద, పేరు తెలియని ఆగంతకుడి వల్ల జరుగుతుంది. పెద్దమ్మ కొడుకు, పక్కింటి పదో తరగతి పిల్లవాడు, హాస్టల్లో పై క్లాసు అన్న – వీళ్ళు మన కథల్లోకి రారు.

రెండో వాస్తవం ఇంకా ముఖ్యమైంది. ‘ఒకసారి రుచి మరిగినవాడు మానడు’ అని మనవాళ్ళు అంటారు. మైకేల్ కాల్డ్‌వెల్ 2016లో 106 అధ్యయనాలను, ముప్పై మూడు వేలకు పైగా బాలుర వివరాలను కలిపి పరిశీలించాడు. పట్టుబడిన బాలురలో మళ్ళీ లైంగిక నేరం చేసి పట్టుబడ్డవారు సుమారు 5 శాతం. 2000 తర్వాతి అధ్యయనాలు మాత్రమే తీసుకుంటే మూడు శాతం కంటే తక్కువ. బయటపడని నేరాలు ఇందులో లెక్కకు రావన్నది నిజమే. అయినా ‘జన్మతః మృగం’ అనే సిద్ధాంతాన్ని ఈ అంకెలు నిలబడనివ్వవు. కుటుంబాన్ని, బడిని, స్నేహితులను కలుపుకొని పిల్లవాడితో పనిచేసే చికిత్సా పద్ధతి ఒకటి ఉంది. చార్లెస్ బోర్డుయిన్ బృందం 2009లో ప్రకటించిన ఫలితాల్లో, ఈ పద్ధతి కింద ఉన్నవారిలో సుమారు తొమ్మిదేళ్ళ కాలంలో మళ్ళీ లైంగిక నేరం చేసినవారు 8 శాతం, మామూలు సేవలు పొందినవారిలో 46 శాతం. నలభై ఎనిమిది మందితో చేసిన చిన్న ప్రయోగమే గాని, మారడం సాధ్యమని రుజువు చేయడానికి అది చాలు.

ఇప్పుడు మన సాహిత్యం వైపు చూద్దాం. తెలుగులో మగపిల్లవాడికి రెండు రూపాలే ఉన్నాయి. ఒకటి బుడుగు. ముళ్ళపూడి వెంకటరమణ సృష్టించిన ఆ పిల్లవాడి అమాయకత్వంలో పెద్దల లోకం వెటకారంగా బయటపడుతుంది. నామిని, ఖదీర్‌బాబు మొదలైనవారు రాసిన బాల్యం కథలు ఈ ధోరణిని పల్లెకు, పేద ముస్లిం ఇళ్ళకు విస్తరించి గొప్ప మేలు చేశాయి. రెండో రూపం యువకుడు. నవీన్ ‘అంపశయ్య’ 1969లో వచ్చి, ఉస్మానియా విద్యార్థి రవి మనసులో పేదరికం, కోరిక, అవమానం ఒకదానిలో ఒకటి ఎట్లా పెనవేసుకుంటాయో నిర్మొహమాటంగా చూపింది. ఈ రెండింటికీ మధ్య, పన్నెండు నుంచి పదహారేళ్ళ దాకా ఉన్న పిల్లవాడు ఏమయ్యాడు? గొంతు మారి, ఒంట్లో ఏం జరుగుతున్నదో ఎవరినీ అడగలేక, తోటివాళ్ళ ముందు మగతనం నిరూపించుకోవలసి వచ్చే ఆ పిల్లవాడు మనకు దాదాపు లేడు. కొడవటిగంటి కుటుంబరావు ‘చదువు’లో సుందరాన్ని అక్షరాభ్యాసం నుంచి వెంట నడిచి, బడి బయట జరిగే చదువును కూడా చూపాడు. ఆ పద్ధతిని ఇవాళ్టి పిల్లవాడికి వర్తింపజేసినవాళ్ళు నాకు కనిపించలేదు.

స్త్రీవాద సాహిత్యం తన వంతు పని చేసింది. ఓల్గా ‘రాజకీయ కథలు’, ‘నీలిమేఘాలు’ సంకలనం 1993 నాటికే శరీరం మీది అధికారాన్ని రాజకీయ ప్రశ్నగా నిలబెట్టాయి. ఆడపిల్ల వైపు నుంచి జరిగినదానికి పేరు పెట్టే ధైర్యం మనకు అక్కడి నుంచే వచ్చింది. మిగిలిన సగం, అంటే మగపిల్లవాడు ఆ అధికారాన్ని ఏ రోజు, ఎవరి నుంచి, ఏ మాటతో అందుకుంటాడనేది మగ రచయితలు రాయవలసి ఉండింది. రాయలేదు. సంఘీభావం ప్రకటించి ఊరుకున్నారు. స్త్రీవాదాన్ని మెచ్చుకోవడం కష్టం కాదు, తమ పెంపకాన్ని తాము విప్పి చూసుకోవడమే కష్టం.

అభ్యుదయ కథకు ఒక సిద్ధ సూత్రం ఉంది: పేదరికం నేరాన్ని పుట్టిస్తుంది. దొంగతనం గురించి ఈ మాట చాలావరకు నిజం. లైంగిక హింసకు దీన్ని యాంత్రికంగా అన్వయిస్తే పేదలను అవమానించినట్టవుతుంది. 2022 మే నెలలో హైదరాబాదు జూబ్లీహిల్స్ ఘటనలో నిందితులు ఆరుగురైతే అయిదుగురు మైనర్లే. వాళ్ళు సంపన్న, పలుకుబడి గల కుటుంబాలవారని పత్రికలు రాశాయి. ఆకలి ఈ నేరానికి మూలం కాదు. ఎదుటి మనిషి ఇష్టంతో పనిలేదనే అధికార భావమే మూలం. ఆ భావం భూస్వామ్య సంస్కృతి నుంచి, కుటుంబం నుంచి, హీరోయిన్ వద్దంటున్నా వెంటపడటాన్ని ప్రేమగా చూపే సినిమా నుంచి అన్ని వర్గాల ఇళ్ళలోకీ వస్తున్నది. వర్గం మార్చేది తర్వాతి కథను – ఎవరికి లాయరు దొరుకుతాడు, ఎవరికి తూటా దొరుకుతుంది అన్నదాన్ని. మన కథకులు ఈ రెండింటినీ కలగాపులగం చేస్తున్నారు.

ఇటీవల మరో సూత్రం వచ్చింది: అంతా సెల్‌ఫోన్ చేసింది. ఫోను పిల్లల చేతికి చిన్నతనంలోనే తెస్తున్న బొమ్మలు ప్రమాదకరమైనవే, సందేహం లేదు. కాని అవి ఖాళీ చోటులోకి వస్తున్నాయి. ఆ చోటు ఖాళీగా ఉంచింది ఎవరు? కేంద్ర ప్రభుత్వం 2005లో కౌమార విద్యా కార్యక్రమం మొదలుపెడితే 2007లో అనేక రాష్ట్రాలు దాన్ని ఆపేశాయి. ఎం. వెంకయ్యనాయుడు అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ 2009లో బళ్ళలో లైంగిక విద్య వద్దని సిఫార్సు చేసింది. ఢిల్లీ ఘటన తర్వాత వర్మ కమిటీ అది అవసరమని చెప్పవలసి వచ్చింది. పిల్లవాడికి బడి చెప్పదు, ఇల్లు చెప్పదు, పుస్తకం చెప్పదు. చలం ‘బిడ్డల శిక్షణ’లో పిల్లల మీద పెద్దల అధికారాన్ని, దాపరికాన్ని నిలదీసిన భాషలో ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా ఈ మౌనం కొనసాగడం మనం సిగ్గుపడవలసిన విషయం.

ఇంకొక మౌనం ఉంది. కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 2007లో పదమూడు రాష్ట్రాల్లో చేసిన అధ్యయనంలో, తాము ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపుకు గురయ్యామని చెప్పిన పిల్లలు 53.22 శాతం. వారిలో సగానికి పైగా మగపిల్లలు. ఎక్కువ శాతం నమోదైన రాష్ట్రాల్లో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇంతమంది మగపిల్లల బాధకు మన కథల్లో ఎంత చోటుంది? వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అయితే ఇక్కడ జాగ్రత్త అవసరం. దెబ్బ తిన్నవాడే దెబ్బ కొడతాడని కథ ముగించేవాళ్ళుంటారు. అది తప్పు. వేధింపుకు గురైన పిల్లల్లో అత్యధికులు ఎవరికీ హాని చేయరు. ఆ సూత్రమే నిజమైతే ఇన్ని తరాలుగా దెబ్బతిన్న ఆడపిల్లలే ఎక్కువ నేరాలు చేయాలి. బాధ ఒక్కటే చాలదు. ఆ బాధకు మగతనం గురించి మనం నేర్పిన పాఠం తోడవ్వాలి. చెప్పుకోవడానికి ఒక్క పెద్దమనిషి కూడా లేకపోవాలి. ఈ మూడింటి కలయికను చూపగల కథ కావాలి.

పోక్సో చట్టం గురించి ఇటీవల ప్రజాదరణ పొందిన కృషి ఒకటి ఉంది. 2025 మార్చిలో వచ్చిన ‘కోర్ట్’ సినిమా, మైనరు అమ్మాయిని ప్రేమించిన పందొమ్మిదేళ్ళ కుర్రవాడి మీద ఆ చట్టాన్ని ఆమె కుటుంబం ఎట్లా ప్రయోగించిందో చూపింది. ఇష్టపూర్వకమైన ప్రేమను నేరంగా మార్చడంలో పరువు, హోదా పోషించే పాత్రను బయటపెట్టినందుకు అది అభినందనీయం. అయితే అక్కడ కుర్రవాడు నిర్దోషి గనుక ప్రేక్షకుడికి అతని పక్షం వహించడం కష్టం కాలేదు. నిజంగా హాని చేసిన పిల్లవాడి ముందు మనం ఎట్లా నిలబడతామన్నదే అసలు పరీక్ష. ఇష్టపడిన ఇద్దరి మధ్య ప్రేమ, ఏడేళ్ళ పిల్ల మీద పద్నాలుగేళ్ళవాడు చేసిన దౌర్జన్యం చట్టంలో ఒకే పేరు కిందికి రావచ్చు. సాహిత్యంలో రాకూడదు. ఆ తేడా చూపడమే రచయిత పని.

ఈ పరీక్షకు నిలబడినవాడుగా నాకు మకరెంకో గుర్తొస్తాడు. 1920లో పొల్టావా దగ్గర దారి తప్పిన పిల్లల కోసం కాలనీ నడిపి, ఆ అనుభవాన్ని ‘పెడగాజికల్ పొయెమ్’గా రాసిన సోవియట్ ఉపాధ్యాయుడు. పిల్లల పాత నేరాల కాగితాలు చూడటానికి అతను ఇష్టపడేవాడు కాదు. పనిలో, సమష్టి జీవితంలో కొత్త మనిషి తయారవుతాడన్నది అతని నమ్మకం. ఆ నమ్మకం నుంచి మనం నేర్చుకోవలసింది చాలా ఉంది. కాని మన విషయంలో ఒక అడుగు అతన్ని దాటి వెళ్ళాలి. లైంగిక హింస చేసిన పిల్లవాడి గతాన్ని మూసిపెడితే చాలదు. తను చేసింది ఏమిటో, ఎదుటి పిల్ల మీద దాని ప్రభావం ఏమిటో అతను తన నోటితో చెప్పగలగాలి. గౌరవం ఇవ్వడం, బాధ్యత వహింపజేయడం – రెండూ ఒకేసారి జరగాలి. ఒకటి వదిలేస్తే రెండోది వట్టి మాట అవుతుంది.

కాబట్టి ఈ వస్తువు మీద వచ్చే కథను నేను మూడు ప్రశ్నలతో చదువుతాను. బాధకు గురైన పిల్ల కథలో మనిషిగా ఉందా, లేక పిల్లవాడి ‘మార్పు’కు సాధనంగా మిగిలిందా? కారణాలు చూపే కథ, వాటిని సాకులుగా మార్చకుండా ఉండగలిగిందా? నేరానికి ముందు దాన్ని ఆపగలిగిన క్షణాలు, ఆపగలిగిన మనుషులు కథలో కనిపించారా? ఈ మూడో ప్రశ్నకు జవాబు చెప్పే కథలు మనకు అత్యవసరం.

రాయవలసిన సందర్భాలు మన చుట్టూ ఉన్నాయి. పన్నెండేళ్ళ కొడుకు చేసిన పని తల్లికి తెలిసింది. పోక్సో చట్టం పందొమ్మిదో సెక్షన్ ప్రకారం తెలిసినవారు చెప్పి తీరాలి. బాధపడ్డ పిల్ల ఆడపడుచు కూతురు. చెబితే కొడుకు, చెప్పకపోతే ఆ పిల్ల – ఆ తల్లి ఆ రాత్రి ఏం చేస్తుంది? నలభై మంది పిల్లలు ఒకే హాలులో పడుకునే హాస్టల్లో వార్డెన్ ఏది చూస్తాడు, ఏది చూడనట్టు నటిస్తాడు? అబ్జర్వేషన్ హోం నుంచి తిరిగి వచ్చిన కుర్రవాడికి పని ఇచ్చే మెకానిక్ షాపు యజమాని ఊళ్ళో ఏం మాటలు పడతాడు? ‘ఆడపిల్లలా ఏడుస్తావేంరా’ అని తొమ్మిదేళ్ళవాణ్ణి వెక్కిరించిన మేనమామ ఆ మాటతో ఏం నేర్పాడు? ఇవి తుపాకీ కవితల కంటే రాయడానికి కష్టమైనవి, చదివేవాణ్ణి నిద్రపోనివ్వనివి.

సాహిత్య విద్యార్థులకు ఒక మాట. మీరు ఈసారి ఏ కవితలోనైనా ‘మృగం’ అనే మాట చూసినప్పుడు దాన్ని కొట్టేసి, ఆ చోట ‘తొమ్మిదో తరగతి పిల్లవాడు’ అని పెట్టి చదవండి. కవిత నిలబడిందా, కూలిపోయిందా చూడండి. నిలబడితే ఆ కవికి మనుషులు తెలుసు. కూలిపోతే ఆ కవితకు పునాది కోపం ఒక్కటే. కోపం అవసరమే. కాని ఈ సాయంత్రం ఏదో ఒక ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేని గదిలో ఉన్న ఇద్దరు పిల్లల్లో చిన్నదాన్ని కోపం కాపాడలేదు. ఆ గది తలుపు తట్టగలిగే పెద్దమనిషిని, తనకు అర్థం కానిదాన్ని ముందుగానే నోరు తెరిచి అడగగలిగే పిల్లవాణ్ణి తయారు చేయడానికి సాహిత్యం చేయగలిగింది కొంత ఉంది. అది ఇంకా మొదలు కాలేదు.